పాత బండికి టైమింగ్ బెల్టు: న్యాయమైన ధర తెలిసికొనుట యెట్లు?

(హోసూరు ప్రాంతపు తెలుగువారి సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఈ వేదికనుండి బడులను గూర్చియు, తెలుగు పాఠ్యపుస్తకములను గూర్చియు మాటలాడుట వాడుక. నేడు మేము బండి మరమ్మతును గూర్చి మాటలాడ నిలుచుట కొందఱికి వింతగా తోపవచ్చును. కాని మన కుటుంబములు ఎన్నియో బండి చక్రముమీదనే బ్రదుకుచున్నవి. రాయకోట టమాటాలను, హోసూరు పూలను బెంగుళూరికి చేర్చువారిలో మనవారు తక్కువగా లేరు. పిల్లల చదువునకు ఫీజు వచ్చుటయు ఆ బండి బాడుగనుండియే. కనుక ఈ మాట ఇచ్చట చెప్పదగినదియే.

మాకు 2009 నాటి టాటా ఏస్ ఒకటి కలదు. 2005లో వెలువడిన ఈ రెండు సిలిండర్ల డీజిల్ బండిని మన ఇరుగుపొరుగు తమిళులు ‘కుట్టి యానై’ యని ముద్దుగా పిలుతురు. మేము దానిని పాతదిగా కొంటిమి. బెల్టు క్రొత్తదని అమ్మినవాడు చెప్పెను. రసీదు చూపలేదు, మేమును అడుగలేదు. ఆఱు మాసములు గడచిన పిదప, ఒకనాటి తెల్లవారుజామున సరకుతో పోవుచుండగా ఉద్దనపల్లి దాటినంతనే ఇంజను చప్పుడు లేకుండ నిలిచిపోయెను. బెల్టు తెగినది. సరకు మఱియొక బండి కెక్కించునప్పటికి పొద్దెక్కినది, సంతలో ధర దిగినది. హెడ్డు దింపి వాల్వులు మార్పించుటకు 31,000 రూపాయలు చెల్లించితిమి. ఆనాడు మా యింట ఎవరును భోజనమునకు సరిగా కూర్చుండలేదు.

బెల్టు తెగిన మాత్రమున ఇంత నష్టమేల యని అడుగుదురేమో. ఇంజనులో క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరుగు లోపల క్యామ్ షాఫ్టు ఒక చుట్టు తిరుగవలెను. వాల్వులు తెఱచుకొనుట, మూసికొనుట ఆ లెక్కను బట్టియే జరుగును. ఆ రెంటిని కలిపి నడుపునది పండ్లుగల ఈ రబ్బరు పట్టీ. డీజిల్ ఇంజనులో పిస్టనుకును వాల్వునకును నడుమ సందు మిక్కిలి స్వల్పము. పట్టీ తెగినచో క్యామ్ నిలుచును, పిస్టను మాత్రము పైకి వచ్చి వాల్వును కొట్టును. అంతటితో వాల్వు వంగును. బెల్టునకు ముందుగా సూచన యిచ్చు అలవాటు సాధారణముగా లేదు. తిరిగిన కిలోమీటర్లే కాదు, గడచిన సంవత్సరములును దానిని ముదుక చేయును. ఆయిల్ కారి తడిసినచో మఱింత త్వరగా చెడును. ఎప్పుడు మార్చవలెనో కంపెనీవారి పుస్తకమున నుండును. పాతబండి కొని రసీదు లేనివారు, మార్చవలసిన గడువు నేడే యని తలంచుట క్షేమము.

ఒక మాట. పెద్ద లారీల ఇంజనులు పలువాటిలో బెల్టుండదు, పండ్లచక్రములే యుండును. అట్టి బండికి బెల్టు మార్చవలెనని ఎవరైన చెప్పినచో, తొలుత అది ఎచ్చట నున్నదో చూపుమనుడు.

ఇక ధర సంగతి. రెండవ మాఱు గడువు వచ్చినపుడు మేము బుద్ధి తెచ్చుకొని ముందుగానే రెండు షెడ్లకు పోయితిమి. మొదటిది మన తెలుగువానిది. “మనవాడు కదా, అన్నా, నీకెక్కువ వేయుదునా?” యని 14,500 చెప్పెను. వివరము అడుగగా కొంచెము నొచ్చుకొని చెప్పెను: సామానులకు 6,900, బెల్టు కూలి 3,600, ఆయిల్ సీళ్ల కూలి 2,000, ఇంజెక్టరు సర్వీసు 2,000. రెండవది ఒక తమిళ మేస్త్రీది. ఆయన కాగితముమీద వ్రాసి యిచ్చెను: బెల్టు, టెన్షనరు 2,600, సీళ్లు 900, కూలెంటు మున్నగునవి 700, కూలి 2,500, వెరసి 6,700. ఈ అంకెలు మావి. మీ బండికి ఇవియే యని మేము చెప్పుట లేదు. తేడా ఎచ్చట వచ్చినదో మాత్రము చూడుడు. క్యామ్, క్రాంక్ ముందువైపు సీళ్లు బెల్టు వెనుకనే యున్నవి. కొన్ని ఇంజనులలో వాటర్ పంపును అచ్చటనే యుండును. బెల్టు విప్పిన పిదప వానిని మార్చుటకు అదనపు శ్రమ స్వల్పము, కూలి ఒక్కమాఱే. ఆ కారణముచేతనే టెన్షనరును, సీళ్లను అప్పుడే మార్చుట లాభము. బెల్టు ఒక్కటియే చాలునని చవుకగా చేయువాడును మనకు మేలు చేయుట లేదు. ఇక ఇంజెక్టరు సర్వీసును మేము అడుగనే లేదు.

మనవాడు తక్కువకు చేయునను నమ్మకము మనలో గట్టిగా నాటుకొన్నది. పరాయి ప్రాంతమున తరతరములుగా ఉన్నవారికి అది సహజమే. కాని ఆ నమ్మకముచే ధర అడుగుట మానివేయుదుము. నొచ్చుకొనునేమో యని జంకుదుము. మేమును జంకితిమి. మొదటి మేస్త్రీ దుర్మార్గుడని మా యభిప్రాయము కాదు. అడుగనివారికి ఆ ధరయే చెప్పుట ఆయనకు అలవాటైనది.

సామానుల డబ్బాలను మీరే చూడవలెను. డబ్బామీద గరిష్ఠ చిల్లర ధరయు, తయారైన నెలయు, సంవత్సరమును ముద్రింపవలెనని 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనలు చెప్పుచున్నవి. ఆ ధరలో పన్నులన్నియు చేరియే యుండును. దానిపై మరల జి.ఎస్.టి. వేయరాదు. రిజిస్ట్రేషను లేని చిన్న షెడ్డువాడు కూలిపైనను ఆ పన్ను వసూలు చేయరాదు. రబ్బరు కనుక నెల చూచుట ముఖ్యము. అలమరలో ఏండ్ల తరబడి పడియున్న బెల్టు మాకు వలదు. బెంగుళూరు జె.సి. రోడ్డులో మీరే కొని తెచ్చుకొందు రేని, మేస్త్రీకి ముందుగా చెప్పుడు. సామాను మీది యైనచో దాని పూచీ ఆయన తీసికొనడు.

కాగితముమీద అంచనా వ్రాయించుకొనుట, ఎక్కువైనచో ఫోను చేసి అడుగవలెనని అందులో వ్రాయించుట మఱవకుడు. తగవు పని మొదలు కాకముందే తీరవలెను. ఏలయన 1872 నాటి కాంట్రాక్టు చట్టము 170వ సెక్షను ప్రకారము, వేఱు ఒప్పందము లేనప్పుడు, చేసిన పనికి కూలి ముట్టువఱకు బండిని తన యొద్ద నుంచుకొను హక్కు మేస్త్రీకి కలదు. బండి లోపల, మీరు వెలుపల నిలిచి వాదించుట వలన పోవునది మీ బాడుగయే. తప్పనిసరియైనచో రసీదుమీద ‘అభ్యంతరముతో చెల్లించితిమి’ అని వ్రాసి, బండి తెచ్చుకొని, పిదప ఫిర్యాదు చేయుడు. వ్యాపార నిమిత్తము సేవ పొందినవారు వినియోగదారులు కారని 2019 నాటి చట్టము చెప్పినను, స్వయముగా నడుపుకొని జీవనోపాధి పొందువారిని మినహాయించినది. ఒక్క బండి నడుపుకొను మనవారికి ఇది ఆధారము. రెండేండ్లలోపల, మీరు నివసించు జిల్లా కమిషనులోనే ఫిర్యాదు వేయవచ్చును. 5 లక్షలలోపు వ్యవహారమునకు రుసుము లేదు. 1915 నంబరునకు ఫోను చేసియు సలహా పొందవచ్చును. ధరకు మించి వసూలు చేసినారని తూనికలు కొలతల అధికారికి వ్రాయదలచినవారు, రాష్ట్రమున వాడుకలోనున్న భాషలలో అర్జీ పెట్టుకొను హక్కును రాజ్యాంగము 350వ అధికరణము ఇచ్చినదని గుర్తుంచుకొందురు గాక. తెలుగున వ్రాయుడు, దానికి తమిళ ప్రతి జతపఱచినచో పని త్వరపడును.

పని జరుగునపుడు ప్రక్కన నిలువుడు. బిగించిన పిదప స్టార్టు చేయకముందు ఇంజనును చేతితో రెండు నిండు చుట్లు త్రిప్పి, గుర్తులు మరల కలియుట చూపుమనుడు. తమిళ మేస్త్రీ మేము అడుగకయే చూపెను. పాత బెల్టును మా చేతిలో పెట్టెను. దాని పండ్ల మొదట సన్నని చీలికలు. తేదీయు, కిలోమీటర్లును డ్రైవరు తలుపు లోపలి వైపున తెల్లరంగుతో ఆయనయే వ్రాసెను. ఆ బెల్టును నేడు తెచ్చితిమి, బల్లమీద నున్నది. అంచనా కాగితపు నమూనాను తెలుగు, తమిళములలో ప్రతులు తీయించితిమి. కావలసినవారు పోవునపుడు తీసికొనుడు.