మారిన ఓటుకు జవాబు

మనం ఎవరి స్మృతిలో ఇక్కడ చేరామో ఆ ఆచార్యులు చట్టసభల గురించి పాఠం చెప్పేటప్పుడు ఓట్ల లెక్కతో ఊరుకునేవారు కాదు. ఓటు వేసినవాడు ఎవరికి జవాబు చెప్పాలి అని అడిగేవారు. 2008లో అమెరికాను కుదిపిన ఐదు రోజులను ఆ ప్రశ్నతోనే పరిశీలిద్దాం.

ఆ ఏడాది సెప్టెంబర్ 15న పెట్టుబడుల బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. మర్నాడే బీమా సంస్థ ఏఐజీని నిలబెట్టడానికి ఫెడరల్ రిజర్వ్ 8,500 కోట్ల డాలర్ల అప్పుకు ఒప్పుకుంది. బ్యాంకుల దగ్గర పేరుకుపోయిన మొండి ఆస్తులను కొనడానికి 70,000 కోట్ల డాలర్లు కావాలంటూ ఆర్థికమంత్రి హెన్రీ పాల్సన్ మూడు పేజీల ముసాయిదా పంపారు. తన నిర్ణయాలను ఏ కోర్టూ సమీక్షించకూడదన్న నిబంధన కూడా అందులో ఉంది.

రిపబ్లికన్ పార్టీకి ఏళ్లుగా ఓటేస్తూ వచ్చిన కన్సర్వేటివ్ ఓటరుకు ఇది మింగుడుపడలేదు. లాభం నాదన్నవాడు నష్టాన్ని జనం నెత్తిన రుద్దకూడదన్నది అతని నమ్మకం. వీధి చివరి దుకాణం మూతపడితే పట్టించుకోని ప్రభుత్వం వాల్‌స్ట్రీట్ కోసం ఖజానా ఎందుకు తెరవాలని అతను అడిగాడు. ప్రతినిధుల కార్యాలయాలకు ఫోన్లు వెల్లువెత్తాయి. ఆ ముసాయిదా నుంచి రూపొందిన బిల్లును సెప్టెంబర్ 29న ప్రతినిధుల సభ 228–205 ఓట్లతో తోసిపుచ్చింది. రిపబ్లికన్లలో 133 మంది వ్యతిరేకించగా 65 మందే సమర్థించారు. ఆ రోజే డౌ జోన్స్ సూచీ 777 పాయింట్లు కూలింది.

అక్టోబర్ 1న సెనేట్ 74–25తో సవరించిన బిల్లును ఆమోదించింది. 3వ తేదీన ప్రతినిధుల సభ కూడా 263–171తో సరేనంది. రిపబ్లికన్ల అనుకూల ఓట్లు 65 నుంచి 91కి పెరిగాయి. నాలుగు రోజుల కిందట సూత్రం కోసం కాదన్నవారు ఇప్పుడు దేశం కోసం ఔనన్నారు.

మారినవారిని ద్రోహులని తేల్చేయడం న్యాయం కాదు. సవరించిన బిల్లుతో డిపాజిట్ల బీమా పరిమితి లక్ష డాలర్ల నుంచి రెండున్నర లక్షలకు పెరిగింది. సామాన్యుడి పొదుపుకు అది నిజమైన రక్షణ. మార్కెట్ పతనం కళ్లెదుటే ఉంది. అయితే అదే బిల్లులోకి మోటార్ రేసు ట్రాకులకు, రమ్ము తయారీకి, పిల్లలు ఆడుకునే చెక్క బాణాలకు పన్ను రాయితీలు కూడా వచ్చి చేరాయి. మూడు పేజీల ప్రతిపాదన 450 పేజీలు దాటింది. తన ప్రతినిధి మనసు మార్చింది దేశానికి వచ్చిన ఆపదా, ఈ రాయితీల మూటా అన్నది ఓటరుకు తెలియలేదు. అతని కోపానికి అసలు కారణం అదే.

కన్సర్వేటివ్ ఆలోచనకు ఆద్యుడిగా పేరున్న ఎడ్మండ్ బర్క్ 1774లో బ్రిస్టల్ ఓటర్ల ముందు, ప్రతినిధి వారికి తన వివేకాన్ని కూడా బాకీ ఉంటాడని వాదించాడు. ఆ వాదం నాకు సమ్మతమే. కానీ బర్క్ ఆ మాటను ఓటర్ల ఎదుట నిలబడి చెప్పాడు. 1780లో ఆ స్థానాన్ని పోగొట్టుకుని మూల్యమూ చెల్లించాడు. వివేకానికి హక్కు ఉన్నట్టే సంజాయిషీ బాధ్యత కూడా ఉంటుంది.

2008 నవంబరు అధ్యక్ష ఎన్నికలో ఓటరుకు ఆ సంజాయిషీ అడిగే దారి కూడా దొరకలేదు. అధ్యక్ష అభ్యర్థులు ఒబామా, మెకెయిన్ ఇద్దరూ సెనేట్‌లో బిల్లుకు ఓటేసినవారే. కోపం 2010 నాటి పార్టీ అంతర్గత పోరుకు వాయిదా పడింది. మొదటి నుంచీ బిల్లును సమర్థించిన యూటా సెనేటర్ బాబ్ బెనెట్‌కు సొంత పార్టీ సదస్సే టికెట్ నిరాకరించింది. ఓటు మార్చుకున్న గ్రెషమ్ బారెట్ దక్షిణ కరోలినా గవర్నర్ అభ్యర్థిత్వ పోటీలో ఓడారు. అలాగే ఓటు మార్చుకున్న మేరీ ఫాలిన్ మాత్రం ఓక్లహామా గవర్నరయ్యారు. మాట మార్చనివారికీ శిక్ష పడింది, మార్చినవారిలో కొందరు గెలిచారు. వివరణ అందనప్పుడు ప్రజల తీర్పు ఇలాగే గురి తప్పుతుంది.

బ్యాంకులకు ఇచ్చిన సొమ్ము తర్వాత లాభంతో తిరిగొచ్చింది. ఖర్చు మొదట భయపడినదానికన్నా చాలా తక్కువని తేలింది. అయినా కోపం చల్లారలేదు, ఎందుకంటే అది డబ్బు లెక్కకు మాత్రమే సంబంధించినది కాదు. ఆ కోపం సెగ మనవాళ్లకూ తగిలింది. ఈ నిధులు తీసుకున్న సంస్థలు హెచ్-1బి వీసా ఉద్యోగులను కొత్తగా చేర్చుకోవడంపై 2009 ఫిబ్రవరిలో అదనపు ఆంక్షలు వచ్చాయి. అప్పట్లో అమెరికాలో ఉద్యోగాలు వెతుక్కుంటున్న తెలుగు యువకులకు అది సొంత సమస్యే అయింది.

మన దేశంలో 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం కింద పార్టీ విప్‌ను ధిక్కరించిన సభ్యుడు పదవినే పోగొట్టుకోవచ్చు. అమెరికాలో ప్రతినిధి మాట మార్చి జవాబు చెప్పకుండా తప్పించుకోగలడు. ఇక్కడ అతని ఓటును పార్టీయే నిర్ణయిస్తుంది కాబట్టి జవాబు అడగాలన్న ఆలోచనే మనకు రాదు. రెండు చోట్లా నష్టపోయేది ఓటరే.

విద్యార్థి మిత్రులారా, సంక్షోభంలో మనసు మార్చుకున్న ప్రతినిధిని వెంటనే వెలివేయకండి. అతన్ని ఊరికి పిలిచి మూడు ప్రశ్నలు అడగండి: నిన్న ఏం నమ్మారు? ఈరోజుకు ఏం మారింది? ఈ మార్పుతో ఎవరు బాగుపడ్డారు? ఈ మూడింటికీ అందరి ముందూ సూటిగా జవాబు చెప్పినవాడికి మళ్లీ ఓటేయండి. చెప్పలేనివాడిని, అతను ఏ పార్టీవాడైనా సరే, ఇంటికి పంపండి.