నిలబడటం కూడా పనే

(షాపుల్లో పనిచేసే స్త్రీల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఈ సదస్సులో మాట్లాడమన్నప్పుడు, చట్టాల గురించో జీతాల గురించో చెబుతానని నిర్వాహకులు అనుకుని ఉంటారు. నేను సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. ఇన్నేళ్లుగా స్త్రీల శ్రమ గురించే పనిచేస్తూ వస్తున్నాను. కానీ ఇవాళ మన కండరాల గురించి మాట్లాడదలుచుకున్నాను. ఎందుకో చెబుతాను.

ఆ మధ్య ఒక పెద్ద బట్టల షాపులో చీరల సెక్షన్‌లో పనిచేసే ఒకావిడతో మాట్లాడాను. పొద్దున పదింటికి వెళ్తే రాత్రి తొమ్మిదిన్నరకి బయటపడుతుంది. మధ్యాహ్నం అన్నం తినే అరగంట తప్ప కూర్చోడానికి వీల్లేదు. కౌంటరు వెనక కనీసం ఒక స్టూలు ఉండదు. ఒకరోజు బీరువాకి ఆనుకుని నిలబడితే సూపర్‌వైజరు చూసి, "ఏం బరువులు మోశావని అలిసిపోయావు? నిలబడటం కూడా ఒక పనేనా?" అన్నాడట. అది చెప్పి ఆవిడ నన్నడిగింది: "నిజమే కదా మేడం, నేనేం మోశాను? మరి ఇంటికెళ్లేసరికి కాళ్లెందుకిలా అయిపోతున్నాయి? నాకేమన్నా జబ్బుందంటారా?"

నా దగ్గర జవాబు లేదు. పితృస్వామ్యం గురించీ, శ్రమ విభజన గురించీ గంటలకొద్దీ మాట్లాడగలను. కానీ పన్నెండు గంటలు నిలబడిన మనిషి పిక్కలో ఏం జరుగుతుందో నాకు తెలీదు. సిగ్గేసింది. ఆ తర్వాత శరీరధర్మ శాస్త్రం పుస్తకాలు ముందేసుకుని చదివాను, డాక్టర్ స్నేహితుల్ని వేధించి చెప్పించుకున్నాను. ఈ ప్రసంగం ఆవిడకి నేను బాకీ ఉన్న జవాబు.

ముందు కండరం ఎలా పనిచేస్తుందో చూద్దాం. మన ఎముకల్ని కదిలించే ప్రతి కండరంలోనూ వేల పోగులుంటాయి. ఒక్కొక్క పోగూ ఒక్కొక్క జీవకణం, ఇంచుమించు తలవెంట్రుకంత సన్నం. దాని లోపల రెండు రకాల దారాలుంటాయి. లావు దారాల్లో మయోసిన్ అనే ప్రోటీను, సన్న దారాల్లో యాక్టిన్ అనే ప్రోటీను. మీ రెండు చేతుల్నీ ఎదురెదురుగా పెట్టి, ఒక చేతి వేళ్ల సందుల్లోకి రెండో చేతి వేళ్లు కాస్త జొనపండి. ఇప్పుడు ఇంకొంచెం లోపలికి నెట్టండి. వేళ్లు పొట్టివి కాలేదు. కానీ రెండు మణికట్ల మధ్య దూరం తగ్గింది కదా? కండరం సంకోచించడమంటే ఇదే. దారాలు కురచకావు, ఒకదాని పక్కనుంచి ఒకటి జారతాయి.

ఈ సంగతిని 1954లో రెండు బృందాలు విడివిడిగా కనిపెట్టి 'నేచర్' పత్రిక ఒకే సంచికలో ప్రకటించాయి. ఒక బృందం ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కెలది. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. జీన్ హాన్సన్ ఒక స్త్రీ. అంతకుముందు 1939లో మయోసినే శక్తినిచ్చే పదార్థాన్ని విడగొడుతుందని చూపించిన ఇద్దరిలో ఒకరు మిలిత్సా ల్యుబిమోవా అనే సోవియట్ శాస్త్రవేత్త. కండరం పనిచేసే తీరు మనకి తెలియడంలో స్త్రీల శ్రమ ఉంది. ఆ పేర్లు మనం గుర్తుపెట్టుకోవాలి.

ఇంతకీ ఆ దారాల్ని జరిపేది ఏమిటి? మయోసిన్ దారానికి చిన్న చిన్న తలలుంటాయి. నరం నుంచి కబురు రాగానే పోగు లోపలి సంచుల్లోంచి కాల్షియం బయటికొస్తుంది. యాక్టిన్ మీద మూసి ఉన్న చోట్లు తెరుచుకుంటాయి. మయోసిన్ తలలు వాటిని పట్టుకుని లాగుతాయి. బావిలోంచి నీళ్లు చేదేటప్పుడు ఏం చేస్తాం? తాడు పట్టుకుని లాగుతాం, ఒక చెయ్యి వదిలి ఇంకొంచెం కింద పట్టుకుని మళ్లీ లాగుతాం. సరిగ్గా అలాగే.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. మయోసిన్ తల లాగడానికే కాదు, పట్టు వదలడానికి కూడా ఏటీపీ అనే శక్తి పదార్థం కావాలి. ఏటీపీ లేకపోతే పట్టిన పట్టు ఊడదు. ప్రాణం పోయిన కొన్ని గంటలకి శరీరం కొయ్యబారిపోవడానికి కారణం అదే. కాల్షియాన్ని తిరిగి సంచుల్లోకి తోడిపోయడానికి కూడా ఏటీపీ ఖర్చవుతుంది. అంటే కండరం సడలడం ఊరికే జరిగిపోదు, దానికీ శక్తి కావాలి. మరి విశ్రాంతిని సోమరితనం అనే వాళ్లకి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఇక అలసట. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం వల్లే కండరం అలిసిపోతుందని చాలాకాలం చెప్పుకున్నారు, ఇప్పటికీ చాలామంది అదే అంటారు. శరీర ఉష్ణోగ్రత దగ్గర చేసిన ప్రయోగాల్లో ఆమ్లం ప్రభావం అనుకున్నంత లేదని తేలింది. పని ఉద్ధృతంగా ఉన్నప్పుడు ఏటీపీని మళ్లీ తయారుచేసే క్రమంలో ఫాస్ఫేట్ పోగుపడుతుంది. అది మయోసిన్ లాగుడు బలాన్ని తగ్గిస్తుంది. పైగా కాల్షియం సంచుల్లోకి చొరబడి, బయటికి రావలసిన కాల్షియాన్ని కట్టిపడేస్తుంది. గంటలకొద్దీ చేసే పనిలోనైతే పోగులో దాచుకున్న గ్లైకోజెన్ అనే నిలవ పిండిపదార్థం కూడా కరిగిపోతుంది. మెదడు నుంచి వచ్చే కబురు సైతం బలహీనపడుతుంది.

అలసటలో ఒక రకం ఉంది. కాసేపు కూర్చుంటే తగ్గిపోయినట్టే ఉంటుంది, ఒక్కసారి గట్టిగా బలం పెట్టమంటే పెట్టగలుగుతాం. కానీ మెట్లెక్కడం, నిలబడటం, గిన్నె ఎత్తడం లాంటి రోజువారీ పనులకి వాడే తక్కువ స్థాయి సంకేతాలకి మాత్రం కండరం సరిగా పలకదు. ఈ స్థితి కొన్ని గంటలు, ఒక్కోసారి ఒక రోజు పైగా ఉండిపోతుంది. 1977లో రిచర్డ్ ఎడ్వర్డ్స్, ఆయన సహచరులు దీన్ని వివరించారు. "పొద్దున లేచేసరికే ఒళ్లు బరువుగా ఉంటుంది" అని మనవాళ్లు అంటే అది బద్ధకం కాదు. నిన్నటి అలసట ఇంకా తీరలేదు.

ఇప్పుడు నిలబడటం దగ్గరికి వద్దాం. నడిచేటప్పుడు పిక్క కండరం బిగుస్తూ సడలుతూ ఉంటుంది. బిగిసినప్పుడల్లా కింద ఉన్న రక్తాన్ని గుండె వైపు నెడుతుంది. కదలకుండా నిలబడితే ఆ పంపు ఆగిపోతుంది. రక్తం కాళ్లలో నిలుస్తుంది, పాదాలు వాస్తాయి, ఏళ్లు గడిచేకొద్దీ సిరలు ఉబ్బే ప్రమాదం పెరుగుతుంది. మరోపక్క నడుమూ పిక్కలూ కొద్దికొద్దిగా బిగిసే ఉంటాయి. బిగిసి ఉన్న కండరం తనలోని రక్తనాళాల్ని తనే నొక్కుతుంది. బిగువు ఎక్కువయ్యేకొద్దీ రక్తం రావడం తగ్గుతుంది. ఆక్సిజన్ కావలసిన సమయంలోనే దాని దారి ఇరుకవుతుంది. పై అరల్లోంచి చీరలు తీయడానికి, విప్పి పట్టుకుని చూపించడానికి చేతులు ఎత్తి ఉంచినప్పుడు మెడకీ భుజాలకీ కూడా ఇదే గతి.

"మరి ఇంత చిన్న బలానికి అలసట ఏమిటి?" అని అడగొచ్చు. ఎల్వుడ్ హెన్నెమన్ అనే శాస్త్రవేత్త చూపించిన నియమం ఒకటుంది. ఏ పనికైనా కండరంలోని చిన్న పోగుల జట్లు ముందు పనిలోకి దిగుతాయి. బలం ఎక్కువ కావలసినప్పుడే పెద్దవి వస్తాయి. పని ముగిసేటప్పుడు పెద్దవి ముందు తప్పుకుంటాయి, చిన్నవి చివరిదాకా ఉంటాయి. స్వీడన్‌కి చెందిన యోరాన్ హెగ్ 1991లో దీని ఆధారంగా ఒక ఊహ చేశాడు. తేలికైన పని గంటల తరబడి సాగితే మొత్తం కండరం అలిసిపోకపోయినా, ఎప్పుడూ పనిలోనే ఉండే ఆ చిన్న పోగులు దెబ్బతింటాయని. వాటికి సిండ్రెల్లా పోగులని పేరుపెట్టాడు. అందరికంటే ముందు లేచి, అందరి తర్వాత పడుకునే పిల్ల కదా సిండ్రెల్లా. ఇది ఇంకా ఊహ స్థాయిలోనే ఉన్నా, మెడ, భుజాల కండరాల మీద జరిగిన కొన్ని పరిశోధనలు దాన్ని బలపరిచాయి. ఆ కథ చదవగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మీకూ ఎవరో ఒకరు గుర్తొచ్చే ఉంటారు.

ఇక్కడే మన రాజకీయం మొదలవుతుంది. బరువు మోసేది కష్టమైన పని, చిన్నగా పదేపదే చేసేదీ, ఒకే భంగిమలో ఉండి చేసేదీ సులువైన పని అని లోకం తీర్మానించింది. బీడీలు చుట్టడం, కుట్టుపని, నాట్లు వెయ్యడం, కౌంటరు దగ్గర నిలబడటం అన్నీ ఆడవాళ్ల "సులువైన" పనులే. 1976 సమాన వేతన చట్టం ఒకే రకమైన పనికి సమాన వేతనం ఇవ్వాలంది. పనులు ఒకలాంటివో కాదో చూడటానికి నైపుణ్యం, శ్రమ, బాధ్యత లెక్కలోకి తీసుకోమంది. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్‌లోనూ ఆ మాటలే ఉన్నాయి. కానీ "శ్రమ"ని కొలిచేది ఎవరు? కిలోలతో మాత్రమే కొలిస్తే నిమిషాలెక్కడికి పోయాయి? కండరం కిలోల్నీ లెక్కపెడుతుంది, నిమిషాల్నీ లెక్కపెడుతుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. "ఆడవాళ్లు త్వరగా అలిసిపోతారు కాబట్టి ఉద్యోగాలివ్వం" అనడానికి ఈ మాటల్ని వాడుకోనివ్వకూడదు. తమ తమ గరిష్ఠ బలంలో ఒకే వంతు బిగువుతో పట్టి ఉంచమని పరీక్షిస్తే, చాలా ప్రయోగాల్లో స్త్రీలే ఎక్కువసేపు పట్టి ఉంచగలిగారు. అలసట ఆడతనం లక్షణం కాదు. అది పనికీ విశ్రాంతికీ మధ్య ఉన్న లెక్క.

ఆ లెక్క మనకి రెండు వైపులా తప్పుతోంది. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి పెడుతుంటే, మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. కండరం కోలుకోవలసిన గంటల్నే వంటిల్లు తీసుకుంటోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. రక్తం తక్కువైతే కండరానికి అందే ఆక్సిజనూ తక్కువే. అంటే మనలో సగం మందికి పైగా పనిలోకి దిగేముందే అప్పుతో దిగుతున్నారు.

మరి ఏం చెయ్యాలి? నిలబడి పనిచేసేవాళ్లకి వీలైనప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే ఉండేది. కానీ షాపు ఫ్యాక్టరీ కాదు. కేరళలో కోళికోడ్ బట్టల షాపుల్లోనూ, ఇతర దుకాణాల్లోనూ పనిచేసే స్త్రీలు 'పెణ్‌కూట్టు' అనే సంఘంగా ఏర్పడ్డారు. మూత్రశాలల కోసం మొదలుపెట్టి, కూర్చునే హక్కు దాకా పోరాడారు. 2018లో కేరళ ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించి ఆ హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా అదే దారి పట్టింది. ఒక స్టూలు కోసం ఇన్నేళ్ల పోరాటమా అని నవ్వేవాళ్లు ఒక్కరోజు ఆ కౌంటరు దగ్గర నిలబడి చూడాలి.

మనం అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. ప్రతి కౌంటరు దగ్గరా ఒక స్టూలు. బేరం లేనప్పుడు కూర్చుంటే జీతం కోయకూడదన్న హామీ. రోజుకి ఒక్క పెద్ద విరామమే కాకుండా మధ్యమధ్య నాలుగు చిన్న విరామాలు. మూత్రానికి వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేని పరిస్థితి. ఇంట్లో పని పంచుకునే మగవాళ్లు. వీటితోపాటు ఈ నెల నుంచి ఒక పని చేద్దాం. ఏ గంటకి కాళ్లు లాగడం మొదలైంది, ఎంతసేపు నిలబడ్డాం అన్నది మనమే ఒక నోటుపుస్తకంలో రాసుకుందాం. లేబరు ఆఫీసుకి వెళ్లినప్పుడు ఆ పుస్తకాలు మన చేతిలో ఉండాలి.

నన్ను ప్రశ్న అడిగిన ఆవిడ ఇవాళ ఈ హాల్లోనే ఉంది. అమ్మా, నీకు జబ్బేమీ లేదని చెప్పడానికి నేను డాక్టర్ని కాను. కాళ్లు వాచినా, సిరలు ఉబ్బినా తప్పకుండా డాక్టరుకి చూపించుకో. కానీ ఒక్క సంగతి గట్టిగా చెప్పగలను. నువ్వు పని చేశావు కాబట్టి అలిసిపోయావు. నిలబడటం కూడా పనే. ఆ మాట ఇక మీ సూపర్‌వైజరుకి నువ్వొక్కదానివే చెప్పుకోనక్కర్లేదు, మనందరం కలిసి చెబుదాం.