కలెక్టరు ఉద్యోగం ఎవరిస్తారు?



ఊరికి కలెక్టరు వస్తే అందరూ చూడడానికి పోతారు. వచ్చింది కలెక్టరమ్మ అయితే ఇంకా ఎక్కువమంది పోతారు. ఆమె బండి వెళ్లిపోయాక అరుగు మీద మాటలు మొదలవుతాయి.

"ఆమెకు ఈ ఉద్యోగం ఎవరిచ్చారో?" అంటుంది ఒకామె.

"ఇంకెవరు? మంత్రిగారు ఇచ్చి ఉంటారు" అంటుంది ఇంకొకామె.

"ఊరికే ఇస్తారా? లక్షలు పోసి కొనుక్కుని ఉంటుంది" అంటుంది మూడో ఆమె.

ఈ మాటలు రెండూ తప్పే. ఏ అధికారిని ఏ జిల్లాకు పంపాలో రాష్ట్ర ప్రభుత్వం చూసుకుంటుంది. కానీ ఆ ఉద్యోగంలోకి రావాలంటే పరీక్ష నెగ్గాలి.

దాని పేరు సివిల్ సర్వీసెస్ పరీక్ష. ఢిల్లీలోని యూపీఎస్సీ అనే సంస్థ ఏటా ఈ పరీక్ష పెడుతుంది. కలెక్టర్లయ్యే ఐ.ఏ.ఎస్. వాళ్లను, ఎస్పీలయ్యే ఐ.పి.ఎస్. వాళ్లను ఈ ఒక్క పరీక్షతోనే ఎంచుతారు. ఇంకో దారి కూడా ఉంది. రాష్ట్రంలో డిప్యూటీ కలెక్టరుగా ఏళ్లపాటు పనిచేసి, ఐ.ఏ.ఎస్. లోకి వచ్చేవాళ్లు కొందరుంటారు. ఇక్కడ చెప్పేది పరీక్ష దారి గురించి.

ఈ పరీక్ష ఎవరు రాయవచ్చు? డిగ్రీ ఉన్న ఎవరైనా రాయవచ్చు. ఏ డిగ్రీ అయినా ఫరవాలేదు. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఇంటి దగ్గర ఉండి చదివిన డిగ్రీ కూడా చెల్లుతుంది. వయసు 21 నిండాలి, 32 దాటకూడదు. బి.సి.లకు 35 వరకు, ఎస్.సి., ఎస్.టి.లకు 37 వరకు అవకాశం ఉంది. దరఖాస్తు రుసుము 100 రూపాయలు. ఆడవాళ్లు ఆ వంద కూడా కట్టనక్కర్లేదు.

పెళ్లయినా, పిల్లలున్నా రాయవచ్చు. ఈ మాట ఇప్పుడు మామూలుగా అనిపిస్తుంది. ఒకప్పుడు ఇలా లేదు. తెల్లవాళ్ల కాలంలో ఈ ఉద్యోగంలో ఆడవాళ్లే లేరు. స్వతంత్రం వచ్చాక, 1951లో అన్నా రాజం అనే ఆమె మొదటి మహిళా ఐ.ఏ.ఎస్. అయ్యారు. ఆ రోజుల్లో, ఉద్యోగంలో ఉన్న ఆడపిల్ల పెళ్లి చేసుకుంటే రాజీనామా చేయమని అడగవచ్చని నిబంధన రాసుకున్నారు. మగవాళ్లకు అలాంటి నిబంధన లేదు! విదేశాంగ శాఖలో పనిచేసిన ముత్తమ్మ గారు ఇలాంటి నిబంధనల మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1979లో కోర్టు వాటిని గట్టిగా తప్పుపట్టింది.

ఇక పరీక్ష సంగతి. బియ్యం మూడుసార్లు జల్లించినట్టు, మనుషుల్ని మూడుసార్లు వడగడతారు.

మొదటిది ప్రిలిమినరీ. ప్రశ్న కింద నాలుగు జవాబులు ఉంటాయి. సరైనదానికి గుర్తు పెట్టాలి. తోచింది గుర్తు పెట్టుకుంటూ పోతే కుదరదు. మూడు తప్పులు చేస్తే ఒక సరైన జవాబు మార్కులు పోతాయి.

రెండోది మెయిన్స్. ఇదే అసలు పరీక్ష. తొమ్మిది పేపర్లు రాయాలి. పేజీలకు పేజీలు రాయాలి. దిద్దేవాళ్లకు రాసినవాళ్ల పేరు కనపడదు. ఎవరి కూతురో, ఏ కులమో వాళ్లకు తెలియదు.

మూడోది ఇంటర్వ్యూ. నలుగురైదుగురు పెద్దలు ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడుగుతారు. మెయిన్స్ మార్కులు, ఈ మార్కులు కలిపి జాబితా వేస్తారు.

2024 పరీక్ష లెక్క చూడండి. 9 లక్షల 92 వేల మంది దరఖాస్తు పెట్టారు. 5 లక్షల 83 వేల మంది ప్రిలిమినరీ రాశారు. మెయిన్స్‌కు మిగిలింది 14,627 మంది. ఇంటర్వ్యూకు 2,845 మంది. చివరికి ఎంపికైంది 1,009 మంది. వాళ్లలో ఆడవాళ్లు 284 మంది. ఆ ఏడు మొదటి ర్యాంకు, రెండో ర్యాంకు ఆడపిల్లలవే.

"ఇంగ్లీషు రాకపోతే ఎట్లా?" అని అడుగుతారు. మెయిన్స్ తెలుగులో రాయవచ్చు. ఇంటర్వ్యూలో తెలుగులో మాట్లాడవచ్చు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ గారు బడిపంతులుగా పనిచేస్తూ తెలుగులోనే చదువుకున్నారు. 2016 పరీక్షలో దేశం మొత్తానికి మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. కాని ప్రిలిమినరీ ప్రశ్నలు ఇంగ్లీషులో, హిందీలో మాత్రమే ఇస్తారు. మెయిన్స్‌లో ఇంగ్లీషు పేపరు ఒకటి పాస్ కావాలి. కనుక చదివి అర్థం చేసుకునేంత ఇంగ్లీషు నేర్చుకోక తప్పదు.

నెగ్గిన మర్నాడే కలెక్టరు కుర్చీలో కూర్చోబెట్టరు. మస్సూరీలో శిక్షణ ఇస్తారు. తర్వాత సబ్ కలెక్టరుగా, ఇంకా కొన్ని పదవుల్లో ఏళ్లపాటు పనిచేయాలి. పోలీసు అధికారులకు శిక్షణ మన హైదరాబాదులోనే.

ఇదంతా తేలిక అని చెబితే అబద్ధమవుతుంది. రెండు మూడేళ్లు కూర్చుని చదవాలి. అన్నాళ్లూ సంపాదన తెమ్మనకుండా ఇంట్లోవాళ్లు తిండి పెట్టాలి. పట్నాల్లో కోచింగ్‌కు లక్షల్లో అడుగుతున్నారు. కూలి ఇంటి పిల్లకు వంద రూపాయలు మాఫీ చేస్తే సరిపోతుందా? ఎస్.సి., ఎస్.టి., బి.సి. పిల్లలకు ప్రభుత్వ స్టడీ సర్కిళ్లు ఉన్నాయి. వాటిలో సీట్లు కొన్నే. అందుకే ముందుగా వెళ్లి వివరాలు అడగాలి.

ఎవరైనా వచ్చి "ఢిల్లీలో మనవాళ్లున్నారు, పది లక్షలిస్తే మీ అమ్మాయికి ఉద్యోగం ఖాయం" అంటే, వాడు దొంగ. పొలం కాగితాలు వాడి చేతిలో పెట్టొద్దు. పోలీసులకు చెప్పండి.

ఇంకొక్క సంగతి. ఈ పరీక్షకు పుట్టిన తేదీ ఎక్కడ చూస్తారో తెలుసా? పదో తరగతి సర్టిఫికెట్‌లో. అక్కడ ఏ తేదీ ఉంటే అదే లెక్క. బడిలో చేర్చిన రోజు, అమ్మకు చదువు రాదని, ఎవరో తోచిన తేదీ వేస్తారు. అదే చివరిదాకా ఉండిపోతుంది. పిల్ల ఇంకా పదికి రాకపోతే, బడికి వెళ్లి రిజిస్టరు చూపించమనండి. పేరు సరిగా ఉందో లేదో, తేదీ సరిగా ఉందో లేదో మీరే చదివి చూడండి. తప్పుంటే హెడ్‌మాస్టరుకు చెప్పి ఇప్పుడే దిద్దించండి.