కుటుంబ ఛాయాచిత్రము - వినోద భంగిమలు



ఛాయాచిత్రము కంటికి సంబంధించిన వస్తువు. రేడియో చెవికి సంబంధించిన యంత్రము. కంటితో చూడదగినదానిని చెవికి చెప్పుమని కోరినవారి సాహసమును మెచ్చుకొనవలెనో, ఒప్పుకొన్న నా సాహసమునకు నేనే వెఱవవలెనో తెలియకున్నది. ఐనను ముప్పదియేండ్లకు పైగా పల్లెబడిలో పనిచేసి, నల్లబల్లపై గుఱ్ఱపు బొమ్మ వేయుట చేతగాక, గుఱ్ఱమును మాటలతోనే పిల్లల కన్నులకు గట్టినవాడను. కావున ఈ పని నాకు పూర్తిగా కొత్త కాదు.

మాది తడ. 2022 వరకు నెల్లూరు జిల్లాలో నుండి, ఆ యేట తిరుపతి జిల్లాలో చేరిన ఊరు. మాకు తూర్పున పులికాటు సరస్సు కలదు. పూర్వులు దానిని ప్రళయకావేరి యనిరి. సెలవు దినములలో భీములవారిపాళెపు రేవునకు జనులు కుటుంబములు కుటుంబములుగా వత్తురు. పడవ యెక్కుదురు, పక్షులను చూతురు, తెచ్చుకొన్న పులిహోర తిందురు. పిమ్మట అందఱును ఒక వరుసగా నిలిచి సెల్‌ఫోను వైపు చూతురు. అంతవరకు కేరింతలు కొట్టుచుండిన పిల్లలు ఒక్కసారిగా బిగిసికొందురు. తండ్రి పొట్టను లోనికి పీల్చుకొనును. తల్లి కొంగు సవరించుకొనును. తాత కన్నులు పెద్దవి చేయును. “నవ్వండి” అని ఫోను పట్టినవాడు ఆజ్ఞాపించును. నవ్వు ఆజ్ఞకు లోబడునది కాదు. పండ్లు మాత్రము లోబడి బయటికి వచ్చును.

ఈ విషయమున నాకింత పట్టుదల యేల యందురేమో. దానికొక కారణము కలదు.

1968లో, నాకు పదియేండ్ల వయసున, మా నాయన పట్టణమునుండి ఒక ఛాయాగ్రాహకుని పిలిపించెను. అతడు ముక్కాలిపీటపై తోలుతిత్తి వంటి పెట్టెను నిలిపి, నల్లగుడ్డలో తల దూర్చి చూచి, వెలుపలికి వచ్చి, “కదలకండి, ఊపిరి బిగబట్టండి” అనెను. నాయన కుర్చీలో కూర్చుండెను. అమ్మ ప్రక్కన నిలిచెను. నేనును తమ్ముడును ముందు నేలపై చతికిలబడితిమి. అతడు పెట్టె మూత తీసి అంకెలు లెక్కించుచుండగా, మా పెయ్యదూడ పలుపు తెంచుకొని వచ్చి, అతని నల్లగుడ్డ కొసను నమలసాగెను. మేము నాయనకు వెఱచి బొమ్మలవలె నుంటిమి. అమ్మ మాత్రము పకపక నవ్వెను.

పటము వచ్చినది. నాయన మీసము వెండ్రుక వెండ్రుకగా కనబడెను. మా భయము కూడ స్పష్టముగనే పడినది. అమ్మ ముఖము మసకగా, రెండు మూడు ముఖములు కలసినట్లుండెను. “పైకమంతా దండుగ చేస్తివి” అని నాయన ఆమెను గదమాయించి ఆ పటమును పెట్టె యడుగున పడవేసెను.

1991లో అమ్మ కాలము చేసెను. గోడకు తగిలించుటకు పటము కావలసివచ్చినది. ఇల్లంతయు వెదకితిమి. బంధువుల పెండ్లి పటములన్నియు తిరుగవేసితిమి. ఆ సమయములలో ఆమె వంటయింట నుండెను గాని పటములలో లేదు. దొరికినది ఆ మసక పటమొక్కటే. నాయన దానిని చేతబట్టుకొని చాలసేపు చూచి, “నవ్వుతా ఉంది” అని మాత్రమనెను. అది నేటికిని మా నడవ గోడమీద నున్నది.

ఆ ఛాయాగ్రాహకుని తప్పు పట్టుట న్యాయము కాదు. 1839లో పారిసు నగరమున డాగెర్ అనునతని చిత్రవిధానము లోకమునకు వెల్లడియైనప్పుడు, ఒక బింబము పలకపై నిలుచుటకు నిమిషములకొలది కాలము పట్టుచుండెను. అంతసేపు నవ్వు నిలుపుట నటులకే సాధ్యము కాదు. అందుచే కూర్చున్నవాని తల కదలకుండుటకు వెనుకనుండి ఇనుప ఊతకోల నమర్చెడివారు. మూతి బిగించుట మర్యాదవలన మాత్రమే గాక, పనిముట్టు మందగొడితనమువలన గూడ వచ్చినది. పనిముట్టు మాఱినది. నేటి సెల్‌ఫోను రెప్పపాటులో నూఱవవంతును గూడ పట్టగలదు. అలవాటు మాత్రము మనలను విడువలేదు. ఆ ఊతకోల యిప్పటికిని మన మెడ వెనుకనే యున్నది.

పటమునకు ముందు మనసు కుదుటపడవలె నని మన ప్రాంతమున ఎఱిగినవారు లేకపోలేదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీల కొఱకు వేఱొక చిత్రశాల తెఱచి, దాని నిర్వహణమును ఒక ఆంగ్లేయ వనిత కప్పగించెను. పరాయి పురుషుని చూపు సోకనిచోట ఆ స్త్రీలు నిశ్చింతగా కూర్చుండగలిగిరి. యంత్రమొకటే, ఎదుటి మనిషి మాఱగానే ముఖము మాఱును.

ఇక ఇంకను వెనుకకు పోదము. తిరుమల ఆలయమున మహాద్వారము దాటగానే శ్రీకృష్ణదేవరాయల లోహవిగ్రహము, ఇరుప్రక్కల తిరుమలదేవి, చిన్నాదేవుల విగ్రహములు కలవు. దానినొక కుటుంబ చిత్రమని నేను భావింతును. అంతటి చక్రవర్తి కత్తి పట్టలేదు, మీసము దువ్వలేదు. ముగ్గురును చేతులు జోడించి నిలిచిరి. లేపాక్షి ఆలయపు పైకప్పున విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరులు పరివారముతో దైవసన్నిధిని నిలిచినట్లు చిత్రింపబడిరి. ఈ రెంటను నేను గమనించినదేమనగా, వారెవ్వరును శిల్పివైపుగాని చిత్రకారునివైపుగాని చూచుట లేదు. అందఱును కలసి ఒక పనిలో నున్నారు. ఆ పనినుండియే వారి భంగిమ పుట్టినది.

నేటి ప్రసంగమున నేను చెప్పదలచినది ఇంతే. కుటుంబమునకు భంగిమ నేర్పవలదు. అందఱును కలసి చేయు పని యొకటి కల్పింపుడు. భంగిమ తానే వచ్చును.

మన శిల్పశాస్త్రము నిలుకడలను సమభంగము, ఆభంగము, త్రిభంగము, అతిభంగము అని చెప్పినది. రెండు కాళ్ళపై సమముగా బరువు మోపి నిటారుగా నిలుచుట సమభంగము. ఒక కాలిపై బరువు మోపి ఒకింత వంగుట ఆభంగము. వేణుగోపాలుని మూడు వంపుల నిలుకడ త్రిభంగము. తాండవము వంటి వాటిలోని మిక్కిలి వంపు అతిభంగము. మన కుటుంబపటములలో ముత్తాత మొదలు మునిమనుమని వరకు అందఱును సమభంగమే. మన దేవుళ్ళు సులువుగా నిలిచిరి, మనమే బిగిసికొంటిమి.

కొన్ని వినోద భంగిమలను మనవిచేసెదను. వీనిలో ఖర్చుగలది ఒకటియు లేదు.

మొదటిది ముద్దల భంగిమ. ఇంటి పెద్దామెను నడుమ కూర్చుండబెట్టి, పెద్ద గిన్నెలో వేడియన్నము, ఆవకాయ, నెయ్యి కలుపుమనుడు. చుట్టును అందఱును చేయి చాపవలెను. ఏబదియేండ్ల కొడుకును చాపవలెను, మూడేండ్ల మునిమనుమరాలును చాపవలెను. అందఱి కన్నులును ఆ ముద్దపైననే యుండును గాని పటము తీయువానిపై నుండవు. అన్నము నిజముగా పెట్టవలెను. ఉత్త గిన్నె పెట్టి నటించిన చేతులు ఆ సంగతి చెప్పివేయును.

రెండవది కన్నులు మూయు భంగిమ. తాతను అరుగుపై కూర్చుండబెట్టి, పిల్లలలో నొకరు వెనుకనుండి ఆయన కన్నులు మూయవలెను. మిగిలినవారు పెదవులపై వ్రేలుంచి నిశ్శబ్దముగా నుండవలెను. మూసినదెవ్వరో తాత చెప్పవలెను. సరియైన పేరు చెప్పునంతవరకు వేచియుండవలదు. తప్పు పేరు చెప్పిన క్షణమున పటము తీయుడు. నాట్యశాస్త్రమున భరతముని నవ్వును ఆఱు విధములుగా చెప్పెను. పలువరుస కనబడని స్మితమును, కొంచెము కనబడు హసితమును ఉత్తములకిచ్చి, కన్నీరు వచ్చునట్లు నవ్వు అతిహసితమును అధములకు విడిచెను. మునికి క్షమాపణ చెప్పుకొని, సొంత వాకిట అందఱమును అధములమగుట మంచిదని నా మనవి.

మూడవది జడల భంగిమ. మెట్లున్న యిల్లైన చాలును. పైమెట్టుపై అమ్మమ్మ కూర్చుండి కూతురి జడ వేయును. కూతురు క్రిందిమెట్టున కూర్చుండి తన బిడ్డ జడ వేయును. ఆ బిడ్డ బొమ్మకు జడ వేయును. మగవారు ప్రక్కన మల్లెలు మాల కట్టుచు చిక్కుపడుదురు గాక. ఎత్తుల వరుస దానంతట అదియే కుదురును. “నీవు ముందుకు, నీవు వెనుకకు” అను బడిపంతులు కేకలు అక్కఱలేదు.

నాలుగవది ఊయెల నడక. తల్లిదండ్రులు బిడ్డను చెరియొక చేయి పట్టి, నడచుచు నడచుచు గాలిలోని కెత్తవలెను. వెనుక పెద్దలు తమ నడకను తాము నడచివత్తురు. మా సరస్సు ఒడ్డున దీనికి ప్రొద్దుననో సాయంకాలముననో చక్కని వెలుగుండును. నడుమధ్యాహ్నము నీటిపై ఎండ మెఱసి అందఱి కన్నులును చికిలించును. పడవలో మాత్రము పటము కొఱకు లేచి నిలువవలదు, వినోదము గట్టుపైననే.

ఐదవది ఫ్లెమింగో భంగిమ. దీనిని కనిపెట్టినది నేను కాదు, మా మనుమరాలు. శీతకాలమున మా సరస్సునకు ఫ్లెమింగో పక్షులు వేలకొలది వచ్చును. పొడుగు కాళ్ళు, గులాబివన్నె ఱెక్కలు, వంకరముక్కు గల ఆ పక్షి యొంటికాలిపై నిలిచి నిద్రించును. కుటుంబమంతయు నట్లు నిలువవలెను. ఎంతసేపు నిలువగలరో చూడవలెను. ఇంతే భంగిమ.

దీనిని గూర్చి నా స్వంత కథ యొకటి చెప్పి ముగించెదను. 2018లో సంక్రాంతి వెళ్ళిన వారమున నాకు షష్టిపూర్తి జరిగినది. నాకును నా తమ్మునికిని ఎనిమిదేండ్లుగా మాటలు లేవు. పొలము గట్టు తగవు. గట్టు వెడల్పు జానెడు. తగవు వెడల్పు దినదినమును పెరిగినది. ఊరి నడుమ ముందుగా పరుషముగా మాటాడినవాడను నేనే. అతడు వేడుకకు వచ్చెను గాని, మరదలి మాట కాదనలేక వచ్చెనని అతని ముఖమే చెప్పుచుండెను. మఱునాడు పిల్లలందఱు పట్టుబట్టి మమ్ము సరస్సు గట్టునకు తీసికొనిపోయిరి. పటమునకు నిలువగా నేనీ కొసను, అతడా కొసను. నడుమ పదునాలుగుగురు.

ఏడేండ్ల మనుమరాలు మమ్ము చూచి, “తాతయ్యా, ఇది బళ్ళో ప్రార్థన మాదిరుంది. అందరూ ఆ పక్షి మాదిరి నిలబడండి. పెద్దోళ్ళు పక్కపక్కన” అని ఆజ్ఞాపించి, మా యిరువురను చేయిపట్టి లాగి నడుమ నిలిపెను. బిడ్డ మాట త్రోసివేయలేక కాలెత్తితిని. ముందు దినము హోమము చెంత కూర్చుండిన మోకాలు మొఱాయించెను. నేను ఒఱగితిని. ఒక చేయి నా భుజమును గట్టిగా పట్టుకొన్నది.

“పడతావన్నా, పట్టుకో” అనెను తమ్ముడు.

అన్నా యను పిలుపు విని ఎనిమిదేండ్లయినది. పట్టుకొంటిని. అప్పటికతడును ఒంటికాలిపైననే యుండెను గావున ఇద్దఱమును కలసి ఇసుకలో కూలబడితిమి. పిల్లలు విఱగబడి నవ్విరి. మేమును నవ్వితిమి. ఆ తగవు ఆ పూటతో తీఱిపోయెనని చెప్పిన అబద్ధమగును. గట్టును కొలిపించి రాళ్ళు పాతించుటకు మఱి యేడాది పట్టినది. కాని ఆ యేడాదియు మేము మాటాడుకొనుచునే కొలిపించితిమి.

ఆ పటము మసకగా నున్నది. కూలుచున్న యిద్దఱు ముసలివాండ్ర ముఖములు సరిగా తెలియవు. దానిని అచ్చు వేయించి అమ్మ పటము ప్రక్కనే తగిలించితిని.

చివరగా కొన్ని మనవులు. పటము తీయుటకు ముందు, వంటయింటిలో ఎవరైన మిగిలిపోయిరా యని ఒకసారి లోనికి పోయి చూడుడు. ఫోను పట్టినవారిని గూడ ఒక పటములో నిలిపి, అది వేఱొకరు పట్టుకొనుడు. మంచి పటమును అచ్చు వేయించి, వెనుక పేరులు, వరుసలు, తేది సిరాతో వ్రాయుడు. దూడ వచ్చి గుడ్డ నమలినచో దానిని తోలవలదు.

సెలవు. నమస్కారము.