ఆసు పోసే చేతులు



పోచంపల్లి చీర మీకందరికీ తెలుసు. పెళ్లికి కట్టుకున్నవాళ్లు మీలో ఉన్నారు. కొట్లో చూసి, ధర విని, తిరిగి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ చీర ఎవరు నేశారు అంటే మగ్గం మీద కూర్చున్నాయన పేరే చెబుతారు. ఆయన నేశాడు, నిజమే. కానీ ఆ నూలు మగ్గం దాకా ఎవరి చేతుల మీదుగా వచ్చింది? ఆ మాట ఎవరూ అడగరు.

చీరలో నిలువు పోగులు పడుగు. అడ్డం పోగులు పేక. పోచంపల్లి చీర మీద పువ్వు, చిలుక, ఏనుగు అచ్చు వేసినవి కావు. నేయక ముందే నూలుకు రంగు ఎక్కిస్తారు. రంగు ఎక్కడ వద్దో అక్కడ రబ్బరు ముక్కతో బిగించి కడతారు. పాత సైకిలు ట్యూబు కోసిన ముక్కలే చాలు. కట్టి రంగులో ముంచుతారు. విప్పుతారు. మళ్లీ కట్టి ఇంకో రంగులో ముంచుతారు. దీన్నే చిటికి అంటారు. ఇలా కట్టాలంటే పేక నూలు ముందుగా లెక్క ప్రకారం వరుసలో పేర్చి ఉండాలి. ఆ పేర్చే పనే ఆసు పోయడం. ఆ పని ఇంట్లో ఆడవాళ్లదే.

ఆసు ఎట్లా పోస్తారు? ఒకవైపు సగం చక్రం లాగా మేకులు వరుసగా ఉంటాయి. ఎదురుగా ఒక మేకు. దారం పట్టుకొని ఇటు మేకుకు చుట్టాలి, అటు మేకుకు చుట్టాలి. ప్రతిసారీ చెయ్యి దాదాపు గజం దూరం పోయి రావాలి. ఒక చీరకు ఇట్లా దాదాపు 9,000 సార్లు! నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఇప్పుడు కూర్చున్నచోటే చెయ్యి చాపి ముడవండి. ఒక యాభై సార్లు చేసి చూడండి. భుజం సంగతి మీకే తెలుస్తుంది. పైగా లెక్క తప్పకూడదు. లెక్క తప్పితే చీర మీద చిలుక ముక్కు ఒకచోట, కన్ను ఇంకోచోట పడుతుంది. అప్పుడు తిట్లు ఎవరికో చెప్పనక్కర లేదు.

ఆలేరు దగ్గర శారాజీపేట అనే ఊరు ఉంది. అప్పుడది నల్లగొండ జిల్లా. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. ఆ ఊళ్లో లక్ష్మి అనే తల్లి ఏళ్ల తరబడి ఆసు పోసింది. భుజాలు నొచ్చేవి. కొడుకు చింతకింది మల్లేశం అది చూస్తూ పెరిగాడు. ఆరో తరగతితో చదువు ఆపి మగ్గం పనిలోకి వచ్చినవాడు. అమ్మ చెయ్యి చేసే పని యంత్రం చెయ్యలేదా అని 1992లో మొదలుపెట్టాడు. ఇంజనీరు చదువు లేదు. చేతిలో డబ్బు లేదు. పని మధ్యలో ఆగింది, మళ్లీ సాగింది. హైదరాబాదులో పని చేసుకుంటూ కూడా దాన్ని వదలలేదు. 1999లో యంత్రం తయారైంది. అమ్మ పేరే పెట్టాడు: లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరలో అవుతుంది. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2019లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది.

యంత్రం వచ్చింది, భుజం నొప్పి తగ్గింది. కష్టాలన్నీ తీరాయా? లేదు. యంత్రం కొనాలంటే డబ్బు కావాలి. నడవాలంటే కరెంటు కావాలి. అది చేతి శ్రమను తగ్గించిందే గాని చీర ధరను పెంచలేదు.

ధర దగ్గర ఇంకో చిక్కు ఉంది. పోచంపల్లి డిజైనును మిల్లు బట్ట మీద అచ్చు కొట్టి అమ్ముతున్నారు. అది తక్కువకే వస్తుంది. చూడ్డానికి అట్లాగే ఉంటుంది. తేడా తెలియాలంటే చీర తిరగేసి చూడండి. అచ్చు వేసిన దానికి వెనకవైపు చాలావరకు రంగు వెలిసినట్టు ఉంటుంది. చిటికి చీర రెండువైపులా ఒకేలా ఉంటుంది. పువ్వు అంచు దగ్గర రంగు కొంచెం చెదిరినట్టు కనిపిస్తుంది. అది తప్పు కాదు, చేతితో కట్టినదని గుర్తు. పోచంపల్లి పేరును ఇతరులు వాడుకోకుండా 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు ముందే, 1985లోనే, కొన్ని రకాల బట్టలు చేతిమగ్గానికే అని చట్టం చేశారు. చట్టం ఉన్నా నకిలీ చీర అంగడికి వస్తూనే ఉంది. కొనేవాళ్లు తిరగేసి చూడకపోతే చట్టం ఒక్కటే ఏం చేస్తుంది?

ఇక కూలి మాట. నూలు ఇచ్చే షావుకారు గాని, సంఘం గాని చీరకు ఇంత అని కూలి కడతారు. డబ్బు మగ్గం ఆయన చేతికి వస్తుంది. ఆసు పోసింది, కండెలు చుట్టింది, రంగు దగ్గర నిలబడింది ఆమె. అదంతా ఇంటి పని కింద పోతుంది. 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల మంది చేనేత పనివాళ్లు తేలారు. నేసేవాళ్లనే కాదు, నేతకు ముందు పనులు చేసేవాళ్లనూ అందులో లెక్కపెట్టారు. మొత్తంలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లే!

యంత్రం వచ్చాక ఒక కొత్త సంగతి జరిగింది. యంత్రం ఉన్న ఇంటికి పక్కవాళ్లు నూలు తెచ్చి ఆసు పోయించుకుంటారు. చీరకు ఇంత అని కూలి ఇస్తారు. అంటే ఆసుకు ఒక ధర ఏర్పడింది. పక్కింటి నూలుకు ధర ఉన్నప్పుడు సొంతింటి నూలుకు ఎందుకు లేదు?

మీకు ఇప్పుడు రాయడం వచ్చింది. ఒక నోటుబుక్కు తీసుకోండి. గీతలు గీసి నాలుగు గళ్లు చెయ్యండి. తేదీ, పని, గంటలు, కూలి. ఒక పడుగు మీద ఏడు చీరలు నేస్తారనుకుందాం. యంత్రం మీద ఆసుకు చీరకు గంటన్నర చొప్పున పదిన్నర గంటలు. చేతితో అయితే 28 నుంచి 35 గంటలు. కండెలు చుట్టిన గంటలు వేరే రాయండి. మూడు గళ్లు నిండుతాయి. నాలుగో గడి దగ్గర పెన్సిలు ఆగుతుంది. పక్కింటివాళ్లు ఆసుకు ఎంత ఇస్తున్నారో అడిగి, ఆ అంకె అక్కడ రాయండి. రాత్రి అన్నాలు తిన్నాక ఆ కాగితం ఇంటాయన ముందు పెట్టండి.