బయటికొచ్చాక పెత్తనం ఎవరి చేతికొచ్చింది?

(జిల్లా మహాసభలో తీర్మానాల మీద జరిగిన చర్చలో చేసిన ప్రసంగం)



పొద్దున మన యువ మిత్రులు రెండు తీర్మానాలు ప్రతిపాదించారు. ప్రపంచ వాణిజ్య సంస్థ నుంచి మన దేశం బయటికి రావాలన్నది ఒకటి. నాట్లకు, కోతలకు బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వస్తున్న కూలీ ముఠాలను ఆపాలన్నది రెండోది. మొదటిది మనకు కొత్త కాదు. 2024 ఫిబ్రవరి 26న సంయుక్త కిసాన్ మోర్చా పిలుపు మీద ఆ డిమాండుతోనే రైతులు ట్రాక్టర్లతో రోడ్డెక్కారు. రెండోది కొత్తది. రెండింటినీ కలిపి మన మిత్రుడు ఒక మాట అన్నాడు: "మన ఊరు, మన దేశం, మన పెత్తనం" అని. చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. సరిగ్గా ఇలాంటి మాట మీదే ఒక దేశం మొత్తం ఓటేసింది. అక్కడి రైతుకు ఏం జరిగిందో చెప్పి, తర్వాత నా అభిప్రాయం చెబుతాను.

ఆ దేశం బ్రిటన్. యూరప్‌లో 28 దేశాలు కలిసి యూరోపియన్ యూనియన్‌గా ఉండేవి. అందులో ఉందామా, పోదామా అని 2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలను అడిగారు. 51.9 శాతం పోదామన్నారు, 48.1 శాతం ఉందామన్నారు. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్ ఉందామన్నాయి. ఇంగ్లండ్, వేల్స్ పోదామన్నాయి. రైతులు కూడా చీలిపోయారు. ఇంగ్లండ్, వేల్స్ రైతులకు పెద్ద సంఘం ఒకటుంది, దాని నాయకత్వం ఉండటమే మేలని ముందే తేల్చి చెప్పింది. సభ్యుల్లో చాలామంది వినలేదు. నాయకత్వం ఒకటి చెబితే సభ్యులు ఇంకోటి చేయడం మనకూ తెలియనిది కాదు కదా.

పోదామన్న రైతును తెలివితక్కువవాడని కొట్టిపారేయడం నాకు నచ్చదు. అతని బాధ నిజం. సాగుభూమి 30 హెక్టార్లు దాటితే కనీసం మూడు రకాల పంటలు వేయాల్సిందేనని బ్రస్సెల్స్‌లో కూర్చున్నవాళ్ళు రూలు పెట్టారు. వేయకపోతే వచ్చే సహాయంలో కోత. సహాయం కూడా ఎకరాల లెక్కన ఇచ్చేవారు, అంటే ఎక్కువ భూమి ఉన్నవాడికి ఎక్కువ డబ్బు. మన రైతుబంధు మీద వచ్చిన విమర్శే అక్కడ ఎప్పటినుంచో ఉంది.

ఇక వలసల సంగతి. తూర్పు ఇంగ్లండ్‌లో లింకన్‌షైర్ అనే జిల్లా ఉంది. నల్లటి సారవంతమైన నేల. క్యాబేజీ, కాలీఫ్లవర్, ఆలుగడ్డ పండిస్తారు. 2004లో పోలండ్, లిథువేనియా లాంటి దేశాలు యూనియన్‌లో చేరాయి. అక్కడి కూలీలు ఈ పొలాలకు వచ్చారు. ముఠా మేస్త్రీలు తెల్లవారకముందే వ్యాన్లలో ఎక్కించుకుని పొలాలకు తోలేవారు. బోస్టన్ అనే చిన్న పట్నంలో అద్దెలు పెరిగాయి, బడిలో పిల్లలు, ఆస్పత్రిలో క్యూలు పెరిగాయి. ఆ బోస్టన్‌లో పోదామన్నవాళ్ళు 75.6 శాతం. దేశం మొత్తంలో అదే ఎక్కువ.

ఒక సంగతి మాత్రం ఓటు ముందు ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఇంగ్లండ్, వేల్స్‌లో వ్యవసాయ కూలి రేటు నిర్ణయించే బోర్డు ఒకటి ఎన్నో ఏళ్ళుగా ఉండేది. దాన్ని 2013లో రద్దు చేశారు. రద్దు చేసింది బ్రస్సెల్స్ కాదు, పోలండ్ కూలీ కాదు, లండన్‌లో వాళ్ళ సొంత ప్రభుత్వమే. స్కాట్లాండ్ తన బోర్డును ఉంచుకుంది. వేల్స్ మళ్ళీ సొంతంగా ఒక ఏర్పాటు చేసుకుంది. యూనియన్‌లో ఉంటూనే చేసుకున్నాయి ఈ పనులు. కూలి రేటును నిలబెట్టే బోర్డును తీసేసింది ఒకరు, కోపం మోసింది ఇంకొకరు.

సరే, 2020 జనవరి 31న బయటికొచ్చారు. తర్వాత ఏమైంది?

కూలీల సంగతే ముందు చూద్దాం. 2020 ఏప్రిల్‌లో, కరోనా కాలంలో, కూరగాయలు కోయడానికి మనుషుల్లేక రుమేనియా నుంచి ప్రత్యేక విమానాల్లో కూలీలను తెప్పించుకున్నారు. మన దేశంవాళ్ళే కోయండని ప్రభుత్వం ప్రచారం చేసింది, ఏడాది తిరిగేసరికి ఆ ప్రచారమే మానుకుంది. సీజన్ కూలీలకు 2019లో 2,500 వీసాలతో మొదలుపెట్టి 2021 నాటికి 30,000 చేశారు. ఇప్పుడు వచ్చేది కిర్గిజ్‌స్థాన్, తజికిస్థాన్, ఉజ్బెకిస్థాన్ వాళ్ళు. ఆరు నెలల వీసా, పొలం మారాలంటే ఏజెన్సీ ఒప్పుకోవాలి. ఇండోనేషియా, నేపాల్ నుంచి కొందరు బ్రోకర్లకు అప్పుపడి వచ్చారు. నచ్చకపోతే పోలండ్ కూలీ ఇంకో పనికి పోగలిగేవాడు, వీళ్ళకు ఆ దారి లేదు. అంటే వలస ఆగలేదు, వలస వచ్చినవాడి హక్కులు ఆగాయి. 2021లో పశువధ శాలల్లో మాంసం కోసేవాళ్ళు చాలక, ఆరోగ్యంగా ఉన్న పందులను వేల సంఖ్యలో ఫారాల్లోనే చంపి పారేశారు.

మొత్తం వలస కూడా తగ్గలేదు. ఓటు ముందు ఏడాదికి నికరంగా 3 లక్షల పైచిలుకు ఉండేది, 2023లో 9 లక్షలు దాటింది. అందులో మన దేశం పిల్లలే పెద్ద సంఖ్య. ఈ హాల్లోనే ఎకరమో రెండెకరాలో కుదువబెట్టి కొడుకునో కూతురునో లండన్‌కు పంపినవాళ్ళు ఉన్నారు. తర్వాత అక్కడ మళ్ళీ గోల లేచి, 2024 జనవరి నుంచి చాలామంది విద్యార్థులు భార్యాపిల్లలను తెచ్చుకోవడానికి వీల్లేకుండా చేశారు.

ఇప్పుడు అసలు పెత్తనం. సొంతంగా వాణిజ్య ఒప్పందాలు చేసుకునే హక్కు వచ్చింది కదా, ఆస్ట్రేలియాతో చేసుకున్నారు. 2023 మే 31 నుంచి అమల్లో ఉంది. ఆస్ట్రేలియా గొడ్డు మాంసం మొదటి ఏడాదే 35,000 టన్నుల దాకా సుంకం లేకుండా రావచ్చు, పదో ఏటికి 1,10,000 టన్నులు. వేల ఎకరాల మేత బీళ్ళున్న ఆస్ట్రేలియా కంపెనీలతో వేల్స్ కొండల మీద నాలుగు గొర్రెలు, ఆవులు పెంచుకునే రైతు పోటీ పడాలి. దీనివల్ల దేశ సంపద 2035 నాటికి 0.08 శాతం పెరుగుతుందని ప్రభుత్వమే అంచనా కట్టింది. జార్జ్ యూస్టిస్ అని, వ్యవసాయ మంత్రిగా చేసినాయన, యూనియన్ వదిలిపోదామని ప్రచారం చేసినాయనే, పదవి దిగాక 2022 నవంబరులో పార్లమెంటులో నిలబడి ఈ ఒప్పందం బ్రిటన్‌కు అంత మంచిది కాదని చెప్పాడు. మంత్రిగా ఉన్నప్పుడు చెప్పలేకపోయాడు.

స్కాట్లాండ్ విత్తన ఆలుగడ్డకు 2021 జనవరి నుంచి యూరప్ తలుపు మూసుకుంది. పాత ఎకరా సహాయాన్ని ఇంగ్లండ్‌లో ఏటేటా కోస్తూ వచ్చారు. దాని బదులు పెట్టిన కొత్త పథకానికి 2025 మార్చి 11న, ముందు మాట లేకుండా, కొత్త దరఖాస్తులు ఆపేశారు. బ్రస్సెల్స్ నుంచి తెచ్చిన పెత్తనం లండన్ దాకా వచ్చి ఆగింది, పొలం దాకా రాలేదు.

మన దగ్గర చూడండి. 2025 జులై 24న అదే బ్రిటన్‌తో మన ప్రభుత్వం సమగ్ర ఆర్థిక వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేసింది. పాలు, యాపిల్ లాంటివి మినహాయించామని చెప్పారు, మంచిదే. మన రాజ్యాంగంలో వ్యవసాయం రాష్ట్ర జాబితాలో 14వ అంశం. విదేశీ ఒప్పందాలు కేంద్ర జాబితాలో, అదీ 14వ అంశమే! రెండు పద్నాలుగులు తగువు పడితే గెలిచేది కేంద్రం పద్నాలుగే. సంతకానికి ముందు పార్లమెంటు ఆమోదం తీసుకోవాలన్న రూలు లేదు. రేపు ప్రపంచ వాణిజ్య సంస్థ నుంచి బయటికొచ్చి, ఇలాంటి ఒప్పందాలు ఒక్కొక్క దేశంతో గదిలో కూర్చుని చేసుకుంటే మనకు ఒరిగేదేమిటి? అందుకే మొదటి తీర్మానానికి నేను అనుకూలం, ఒక వాక్యం చేర్చి: వ్యవసాయాన్ని తాకే ఏ ఒప్పందమైనా శాసనసభల్లో, పార్లమెంటులో చర్చించి ఓటు వేయకుండా సంతకం చేయరాదు.

రెండో తీర్మానానికి ఈ రూపంలో నేను చేయెత్తను. బీహార్ మనిషి మనకు విదేశీయుడు కాదు, దేశంలో ఎక్కడికైనా పోయి బతికే హక్కు రాజ్యాంగం ఇచ్చింది. బొంబాయి, పుణెలో మన పాలమూరు కూలీ బతికింది ఆ హక్కు మీదే. కానీ అక్కలు పొద్దున అన్నది కూడా నిజం. మేస్త్రీ ఎకరానికి ఇంతని గుత్త మాట్లాడుకుని రేటు తగ్గిస్తే ఊళ్ళో నాటేసే ఆడవాళ్ళకు పని పోతుంది. రేటు తగ్గించింది నాటేసే పిల్లవాడు కాదు, మధ్యలో కమీషన్ తినేవాడు. ఆ తక్కువ రేటుకు సరేనన్న రైతులం మనమూ ఉన్నాం. వలస కూలీల కోసం 1979లోనే చట్టం చేశారు. మేస్త్రీకి లైసెన్సు ఉందా అని మన మండలాల్లో ఎవరైనా అడిగారా?

కాబట్టి నా సవరణ ఇది. ఊరివాళ్ళకైనా బయటివాళ్ళకైనా ఎకరా నాటుకు ఒకే రేటు, సీజనుకు ముందు గ్రామసభలో తేల్చాలి. మేస్త్రీ పేరు, ముఠాలోని కూలీల పేర్లు పంచాయతీలో రాయించాలి. రేటు తేల్చే రోజు కూలి చేసే అక్కలు ఆ సభలో ఉండాలి, రైతులం మాత్రమే కూర్చుని తేల్చకూడదు. కాగితం మీద రాసి తెచ్చాను, అధ్యక్షులకు ఇస్తున్నాను. భోజనాలయ్యాక ఓటుకు పెట్టండి.