తక్కువ తిరిగిన కారు, ఎక్కువ జాగ్రత్త



పదేళ్ల కిందటి స్పోర్ట్స్ కారు, తిరిగింది మాత్రం పది వేల కిలోమీటర్లే అంటే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ బండి కదలకపోయినా దాని వయసు ఆగదు. బారువ, కళింగపట్నం, భోగాపురం వంటి మన తీరప్రాంతాల్లో ఉప్పుగాలి అడుగుభాగాన్ని తినేస్తుంది. అందుకే కారును పైకెత్తించి, టార్చిలైటు వేసి కింద చూడండి.

టైరు పక్కన డాట్ అనే అక్షరాలున్న వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2316 అంటే 2016లో 23వ వారం తయారీ. అరగని టైరైనా రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. దాన్ని ఏళ్ల తరబడి మార్చకపోతే, సాలూరు ఘాట్ దిగేటప్పుడు వేడికి మరిగి బ్రేకు పట్టు తప్పవచ్చు. టైమింగ్ బెల్టుకు కిలోమీటర్లతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది. ట్యాంకులో పాత పెట్రోలుంటే తీయించాకే ఇంజన్ స్టార్ట్ చేయించండి.

2018 తిత్లీ తుపానులో వంశధార నది పొంగింది. అలాంటి వరదనీటిలో బండి మునిగిందేమో తెలియాలంటే సీటుబెల్టును చివరిదాకా లాగండి. బురద మరక అక్కడ దాక్కుంటుంది.

ఇచ్ఛాపురం అవతల ఒడిశా రిజిస్ట్రేషన్ బండైతే అక్కడి ఆర్టీవో నిరభ్యంతర పత్రం తప్పనిసరి. బ్యాంకు అప్పు తీరిందో లేదో ఆర్‌సీలో చూడండి.

టైర్లు, ఆయిళ్లు, బెల్టు, బ్యాటరీ మార్చే ఖర్చు ముందే లెక్కగట్టి, ధరలో తగ్గించమని అడగండి. ఒప్పుకోకపోతే నిస్సంకోచంగా వదిలేయండి. ప్రాణం కన్నా కారు ఎక్కువ కాదు.